మూడు పోగుల కప్లర్

విరిగిన కప్లర్‌కి చుట్టిన కాగితపు టేపు మీద ఆ నాలుగంకెలు చూడగానే బుచ్చిరాములు తాగుతున్న చాయ్ పక్కన పెట్టేశాడు. 7316. పెన్ను సరిగ్గా పడక మెకానిక్ రెండుసార్లు దిద్దినట్టున్నాడు. అయినా పొరపాటు పడే నంబరు కాదది. ఏప్రిల్ నుంచి ఈ ఆగస్టు దాకా రోడ్డు మీద పోయే ప్రతి వెండి రంగు కారు వెనకా దాన్ని వెతుకుతూనే ఉన్నాడు. ఇప్పుడది తనంతట తనే వచ్చి అరచేతిలో కూర్చుంది.

"కాకా, జల్దీ చూడు. బండి నాలుగు రోజుల నుంచి నా షెడ్డులోనే ఉంది," అన్నాడు మెకానిక్ హస్ముఖ్‌భాయ్, గుమ్మంలో గొడుగు విదిలిస్తూ.

సూరత్‌లోని పాండేసర రోడ్డు మీద మెకానిక్కులందరికీ బుచ్చిరాములు కప్లర్ కాకా. కారులో ఎన్ని సెన్సర్లుంటే అన్నిటికీ తీగలు వచ్చి తగులుకునే ప్లాస్టిక్ మూతి ఒకటుంటుంది. దాన్నే వీళ్ళు కప్లర్ అంటారు. అగ్గిపెట్టెలో సగం ఉండదు గానీ, అది సరిగ్గా కూర్చోకపోతే లక్షల కారు కూడా తోపుడు బండే. కంపెనీలు సెన్సర్ అమ్ముతాయి, కప్లర్ మాత్రం విడిగా అమ్మవు. అడిగితే వైరింగు మొత్తం కొనుక్కోమంటాయి. అందుకని బుచ్చిరాములు నెలకోసారి దగ్గర్లోని కిమ్ ఊరి దాకా పోయి, అక్కడి తుక్కు యార్డుల్లో నుజ్జయిన కార్లలోంచి కప్లర్లని జానెడు తీగతో సహా కోసుకొస్తాడు. పదకొండు గోనె సంచులున్నాయి దుకాణంలో. ఏ సంచిలో ఏముందో అతని వేళ్ళకి తెలుసు.

హస్ముఖ్‌భాయ్ కొత్త సెన్సర్ పెట్టెలోంచి తీశాడు. ఇంజను తిరుగుతోందా లేదా అని కనిపెట్టే క్రాంక్ సెన్సర్. పాతది చచ్చిపోయింది. కంపెనీ ఈ మధ్య దాని మూతి మార్చేసింది. మూడు పిన్నులు అలాగే ఉన్నాయి గానీ, మధ్యలో ఒక గట్టు కొత్తగా వచ్చింది. పాత కప్లర్ దానికి ఎక్కదు. గట్టుని బ్లేడుతో చెక్కి బలవంతంగా నెట్టబోతే కప్లర్ విరిగింది.

"కంపెనీవాణ్ణి అడిగితే రెండు నెలలంటున్నాడు. నీ దగ్గర లేకపోతే సూరత్ మొత్తంలో లేనట్టే."

బుచ్చిరాములుకి చూడాల్సిన పని కూడా లేదు. అలాంటిది ఒక్కటే ఉంది తన దగ్గర, బిస్కెట్ల డబ్బాలో.

"ఎవరిది బండి?" అని అడిగాడు, ఏమీ ఎరగనట్టు.

"మిల్లు మేనేజర్. మల్లికార్జునరావు సాబ్. అడాజన్‌లో ఉంటాడు."

"సంచులల్ల ఏడనో ఉండాలె. ఎతకాలె. కరోనా అచ్చిపోయినంక నాకు కండ్లు సక్కగ కనిపిస్తలేవు భాయ్. ఆ సార్‌నే రమ్మను. ఎతుక్కోమను."

"మేనేజర్ కాకా ఆయన!"

"అయితే ఏంది? చేతులు లెవ్వా?"

హస్ముఖ్‌భాయ్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. బుచ్చిరాములు డబ్బా తెరిచి, ఆ ఒక్క కప్లర్‌ని తీసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత చల్లారిన చాయ్ తాగాడు. చాలా రోజుల తర్వాత చాయ్ రుచిగా ఉన్నట్టనిపించింది.

మర్నాడు పదింటికి మల్లికార్జునరావు వచ్చాడు. రెండు మాస్కులు, చేతులకి రబ్బరు తొడుగులు, చంకలో చిన్న శానిటైజరు సీసా. ముందు హిందీలో మొదలెట్టాడు. గోడ మీద తెలుగు క్యాలెండరు చూసి మొహం విప్పారింది.

"మీరు తెలుగువారా! ఎంత సంతోషమండీ. ఎక్కడ మీది?"

"సిరిసిల్ల దిక్కు సార్."

"మాది తెనాలి దగ్గరండీ. ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్ళు."

గుర్తుపట్టలేదు. ఆ రోజు బుచ్చిరాములు మొహానికి తువ్వాలు కట్టుకుని ఉన్నాడు, ఈ రోజు మాస్కు ఉంది, నిజమే. కానీ కళ్ళున్నాయిగా? ఆ రోజు కారు అద్దానికి మొహం ఆనించి బతిమాలిన కళ్ళే ఇవి. అసలు చూసి ఉంటే కదా గుర్తుండడానికి అనుకున్నాడు బుచ్చిరాములు.

నేల మీద టార్పాలిన్ పరిచి మొదటి సంచి కుమ్మరించాడు. వందల కప్లర్లు, గ్రీజు, ఎలకల పెంటికలు, పగిలిన అద్దం ముక్కలు. చిన్న పీట చూపించాడు. మేనేజరు దాని మీద కూర్చోలేక కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

"మూడు పిన్నులుండాలె. నడుమల గట్టు ఉండాలె. ఒక్కొక్కటి ఏలు పెట్టి చూడుండ్రి సార్. తొందర పడద్దు."

ఒంటిగంట దాకా వెతికాడాయన. బుచ్చిరాములు ఎదురుగా కుర్చీలో కూర్చుని, జేబులోని కప్లర్‌ని చొక్కా పైనుంచే అప్పుడప్పుడూ తడుముకుంటూ, చూస్తూ కూర్చున్నాడు. రెండో సంచి సగంలో ఉండగా రావు నడుం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నాకోసం కాదండీ ఈ తొందర. మా ఆవిడ పార్వతికి మేలో కరోనా వచ్చింది. బతికింది గానీ ఊపిరితిత్తులు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చేతిలో సిలిండరు చూస్తే ఆటోవాళ్ళు ఎక్కించుకోవడం లేదు. మనుషుల్లో జాలి పోయిందండీ."

బుచ్చిరాములు లోపల ఏదో చల్లగా జారింది. సిగ్గు పడాల్సిన సంతోషమని తెలుసు, అయినా సంతోషమే. ఇంకా కావాలనిపించింది.

"అవును సార్. జాలి పోయింది," అన్నాడు, మూడో సంచి ముందుకు లాగుతూ.

రెండో రోజు రావు అరటిపళ్ళు తెచ్చాడు. బుచ్చిరాములు వాటిని కల్లాపెట్టె మీద పెట్టాడు గానీ ముట్టుకోలేదు. తొడుగులు పొద్దున్నే చిరిగిపోయాయి. ఉత్త చేతులతో వెతుకుతుంటే అద్దం ముక్క గుచ్చుకుని రావు వేలు తెగింది. మూలనున్న డబ్బాలోంచి చిటికెడు బూడిద తీసి గాయం మీద అద్దాడు బుచ్చిరాములు. సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసినప్పటి అలవాటది. పడుగు చుట్టిన బీము అయిపోతే పాత పోగులకి కొత్త పోగులు వేలకి వేలు చేత్తో అతికేవాడు. వేళ్ళు జారకుండా బూడిదలో ముంచుకునేవాడు. ఇప్పుడు రాగి తీగలు మెలిపెట్టేటప్పుడూ అంతే.

"రక్తం ఆగిందండీ!" అని ఆశ్చర్యపోయాడు రావు. మంచిగానే మాట్లాడుతున్నాడు. అదే భరించలేకపోతున్నాడు బుచ్చిరాములు. పగ పట్టినవాడికి ఎదుటివాడు కాస్త పొగరుగా ఉంటేనే సుఖం.

పన్నెండింటికి వాన తెరిపిచ్చింది. తడిసిన మేక ఒకటి గుమ్మంలోకి వచ్చి టార్పాలిన్ వాసన చూడబోయింది. రావు తలెత్తకుండానే కుడిచేతి రెండు వేళ్ళు పైకెత్తి, పక్కకు పొమ్మన్నట్టు విదిలించాడు.

ఆ రెండు వేళ్ళే!

ఏప్రిల్‌లో మిల్లు గేటు ముందు, సరిగ్గా పొద్దున ఎనిమిదింటికి, కారు అద్దం వెనక ఇవే రెండు వేళ్ళు ఇలాగే విదిలించాయి. బట్టలకి రంగులద్దే ఖాతాలో రాత్రి షిఫ్టు మధ్యలోనే జ్వరంతో గేటు దగ్గర కూలబడ్డాడు తమ్ముడు సోమలింగం. కబురందుకుని వచ్చి వాణ్ణి చెరో పక్కా పట్టుకుని నిలబడ్డారు బుచ్చిరాములు, వాడి భార్య కోమలి. కరోనాకి ఊరంతా మూసి ఉంది, ఒక్క ఆటో లేదు. గేటులోంచి బయటికొచ్చింది ఈ కారొక్కటే. అద్దం దించలేదు. రెండు వేళ్ళు కదిలాయి, కారు కదిలింది. ఆ తర్వాత సరుకుల టెంపో దొరికేసరికి గంట దగ్గర పట్టింది. పెద్దాసుపత్రిలో ట్రాలీ మీదనే పోయాడు సోమలింగం.

"మీ మిల్లుల ఏప్రిల్ నెలల ఎంతమంది పోయిన్రు సార్?" అని అడిగాడు బుచ్చిరాములు.

"దేవుడి దయవల్ల ఒక్కరు కూడా పోలేదండీ. రిజిస్టర్‌లో ఉన్న స్టాఫ్ అందరూ క్షేమం. కాంట్రాక్టర్ మనుషుల సంగతి మాకు తెలియదనుకోండి, వాళ్ళు వస్తుంటారు, పోతుంటారు."

బుచ్చిరాములు సంచి మూతికి కట్టిన సుతిలి తాడు విప్పి మళ్ళీ కట్టాడు, మళ్ళీ విప్పాడు.

అప్పుడే రావు చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. "ఇదేనా చూడండి! మూడు పిన్నులు, మధ్యలో గట్టు!"

అందుకుని చూశాడు బుచ్చిరాములు. ఆకారం అదే. కొత్త సెన్సర్‌కి క్లిక్కుమని కూర్చుంటుంది కూడా. కానీ వేరే కంపెనీ బండిది. తీగల రంగులు కారులోవే, వరస మాత్రం తిరగబడి ఉంది. అసలు కప్లర్లు అతికేటప్పుడు రంగు చూడకూడదు, చోటు చూడాలి. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు కలిపితే కరెంటు పోకూడని పిన్నుకి పోతుంది. తాళం తిప్పగానే కొత్త సెన్సర్ కాలుతుంది. దానితో కారు కంప్యూటర్ కూడా పోవచ్చు. హస్ముఖ్‌భాయ్ మంచి మెకానిక్కే గానీ జీవితమంతా రంగు చూసి కలిపినవాడే.

తొమ్మిదేళ్ళ దుకాణంలో ఒక్కసారి కూడా తప్పుడు కప్లర్‌ని సరైనదని ఇవ్వలేదు బుచ్చిరాములు.

"ఇదే సార్," అన్నాడు. "అచ్చం ఇదే."

రావు రెండు చేతులూ పట్టుకున్నంత పని చేశాడు. తెగిన వేలికి బూడిదతోనే, కప్లర్‌ని జేబురుమాలులో చుట్టుకుని వెళ్ళాడు. ఆయన పోయాక బుచ్చిరాములు ఒక అరటిపండు తీసి గుమ్మంలోని మేకకి పెట్టాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కోమలి వాకిట్లో కూర్చుని, కోసుకొచ్చిన తీగల మీది పాత టేపు ఊడదీస్తోంది. సోమలింగం పోయాక ఆ పని ఆమే చేస్తోంది. కాళ్ళు కడుక్కోకుండానే మొత్తం చెప్పేశాడు. నంబరు దగ్గర మొదలుపెట్టి, మేనేజర్‌ని రెండు రోజులు ఎలకల పెంటికల్లో వెతికించిన సంగతి, రిజిస్టర్ మాట, చివరికి తప్పుడు కప్లర్.

"రేపు పొద్దున హస్ముఖ్ బిగిస్తడు. తాళం తిప్పంగనే కథ ఖతం. రెండు నెలలు కాదు, ఆరు నెలలైనా ఆ బండి లేవది."

కోమలి సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె చేతులు ఆగాయి, అంతే. తర్వాత గోటితో టేపు జిగురు గీకసాగింది.

"పాడు చేస్తే ఏమస్తది బావా?"

"ఏమస్తదంటవేంది? ఆటోలోళ్ళ కాళ్ళు పట్టుకుంటడు. మనం పట్టుకోలేదా?"

"నేనొకటి అడుగుత, చెప్పు. ఆ దినం దవాఖానల గా నర్సు ఏమన్నది? మనం దవాఖానకు చేరేటాల్లకు తొమ్మిదింబావు. అరగంట ముందుగాల అచ్చుంటే మంచం ఉండె, ఎనిమిది ముప్పావుకు వేరేటోళ్ళకు ఇచ్చినమని అన్నది. అన్నదా?"

"అన్నది."

"అంటే ఎనిమిది ముప్పావు దాంక ఖాళీగనే ఉన్నది. మనం ఆ కారుల పోతే ఎన్ని నిమిషాలల్ల పోదుము?" తనను తాను వెయ్యిసార్లు అడిగిన ప్రశ్న అది, నలిగి నునుపెక్కింది. "నేను రోజూ గిదే లెక్క పెడుతున్న బావా. ఒక రాత్రి ఇరవై నిమిషాలు అనిపిస్తది, ఒక రాత్రి గంట అనిపిస్తది. గంటైతే ఆయన ఎట్లైనా దక్కకపోతుండె, నా మనసు ఊకుంటది. నాకు తెల్వాలె. బస్సుల, ఆటోల పోతే తేలే లెక్క కాదిది. ఆ కారే సచ్చిపోతే ఇగ నాకెట్ల తెలుస్తది?"

బుచ్చిరాములు, నాలుగు నెలలుగా తను మోస్తున్నది పగ అనుకున్నాడు. ఆమె మోస్తున్నదాని ముందు అది ఏపాటిదని మొదటిసారి అనిపించింది. చొక్కా విప్పుతుంటే జేబులోంచి అసలు కప్లర్ నేల మీద పడింది. కోమలి దాన్ని తీసి, తుడిచి, అతని చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున ఏడున్నరకే ఇద్దరూ హస్ముఖ్‌భాయ్ షెడ్డుకి చేరారు. కారు బానెట్ ఎత్తి ఉంది. రావు పక్కనే నిలబడి ఉన్నాడు. హస్ముఖ్‌భాయ్ అప్పటికే ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు మెలిపెట్టేశాడు. పసుపు ఒక్కటే మిగిలింది.

"ఆపు భాయ్!" అని అరిచాడు బుచ్చిరాములు. "తాళం ముట్టుకోకు. నిన్న ఇచ్చింది తప్పు."

"నువ్వా కాకా? నువ్వు తప్పిచ్చావా?"

"ఇచ్చిన. జరుగు."

ముందు బ్యాటరీ తీగ ఊడదీయించాడు. మెలికలు విప్పాడు. జేబులోంచి అసలు కప్లర్ తీసి, వెంట తెచ్చుకున్న బూడిద డబ్బాలో వేళ్ళు ముంచుకున్నాడు. కారులోంచి వచ్చే మూడు తీగల్లో ఏది ఎక్కడికి పోతుందో మీటరు పెట్టి చూసుకుని, ఒకదానికి ఒక ముడి, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు దారపు ముడులు వేశాడు. కప్లర్ తీగలకీ అలాగే వేశాడు. ఇక రంగుల వైపు చూడలేదు. ముడికి ముడి కలుపుకుంటూ, సన్నటి రాగి పోగుల్ని విడదీసి, ఒకదానిలో ఒకటి దూర్చి, బొటనవేలితో తిప్పి, టంకం పోసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడిగి వేడి చేశాడు. ఒక్కొక్కటీ లాగి చూశాడు. ఏదీ జారలేదు. ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చేసి ఉండడు. ఈ రోజు ఈ కారు దారిలో ఆగకూడదు.

కప్లర్ సెన్సర్ మీద క్లిక్కుమని కూర్చుంది. బ్యాటరీ తగిలించి తాళం తిప్పారు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

"మీ రుణం తీర్చుకోలేనండీ," అన్నాడు రావు. "ఏమివ్వమంటారు చెప్పండి."

"పైసలొద్దు సార్. నన్ను, మా మరదలిని జర ఒకకాడికి తీసుకపోవాలె. దూరం లేదు."

షెడ్డు చూరు కింద నిలబడ్డ కోమలి వైపు చూశాడు రావు. ఒక్క క్షణం తటపటాయించాడు. మాస్కు సరిచేసుకుని, "అయ్యో, రండి రండి," అంటూ వెనక తలుపు తెరిచాడు. సీటు మెత్తగా ఉంది. కోమలి అంచున కూర్చుని, ఒళ్ళో ఫోను పెట్టుకుంది.

"ఎక్కడికండీ?"

"మీ మిల్లుకాడికే సార్. గేటు ముంగట ఆపుండ్రి."

ఎనిమిదింటికి గేటు ముందుకొచ్చింది కారు. రాత్రి షిఫ్టు వాళ్ళు సైకిళ్ళు నడిపించుకుంటూ బయటికొస్తున్నారు. బుచ్చిరాములు దిగలేదు, కోమలీ దిగలేదు. రావు వెనక్కి తిరిగి చూశాడు.

"ఇప్పుడు పెద్దదవాఖానకు పోనియ్యుండ్రి," అంది కోమలి, ఫోనులో టైము చూసుకుంటూ.

ముందు అద్దంలో రావు కళ్ళు కనిపించాయి. ముందు ఆమె మీద ఆగాయి. తర్వాత బుచ్చిరాములు మీద. బుచ్చిరాములు భుజం మీది తువ్వాలు తీసి, ఆ రోజు కట్టుకున్నట్టే ముక్కు మీదుగా కట్టుకున్నాడు. స్టీరింగు మీద రావు చేతులు బిగుసుకుపోయాయి.

"మీరు... ఆ రోజు ఇక్కడ..."

"తోలుండ్రి సార్. టైము నడుస్తున్నది."

సిగ్నలు దగ్గర ఆగారు. నీళ్ళు నిలిచిన చోట మెల్లగా పోయారు. ఒకచోట బస్సు అడ్డమొచ్చింది. ఆగిన ప్రతిసారీ కోమలి కళ్ళు మూసుకుంది, ఇంకా ఆలస్యమైతే బాగుండునన్నట్టు. ఆ రోజు ఊరంతా మూసి ఉంది, ఈ అడ్డంకులేవీ లేవు, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. రావు మెడ మీద చెమట కాలర్‌లోకి జారడం బుచ్చిరాములు చూస్తూనే ఉన్నాడు.

ఆసుపత్రి గేటు ముందు కారు ఆగింది. కోమలి ఫోను చూసింది. రెండోసారి చూసింది.

"పదమూడు," అంది.

ఫోను తెరని రావు వైపు తిప్పింది.

"పదమూడు నిమిషాలు సార్. ఇంత ట్రాఫిక్ల. మంచం ముప్పావు దాంక ఖాళీగ ఉండె. మా ఆయన పేరు సోమలింగం. మీ రిజిస్టర్ల లేడు." ఆమె మొహం రాయిలా ఉంది గానీ, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

రావు వెనక్కి తిరిగాడు. మాస్కులు కిందికి లాగేశాడు. "భయమేసిందమ్మా ఆ రోజు. ఇంట్లో ఆడపిల్ల ఉంది. అప్పుడు అందరికీ భయమే కదా..."

"మాకు గూడ భయమే సార్," అంది కోమలి. "అయినా ఎత్తుకున్నం."

ఆమె తలుపు తీసుకుని దిగింది. బుచ్చిరాములు అటువైపు నుంచి దిగాడు. రావు తన పక్క అద్దం పూర్తిగా దించి, మెడ బయటికి పెట్టి, "ఒక్క మాటండీ, ఒక్క మాట వినండి," అంటున్నాడు. ఏం చెబుదామనుకున్నాడో గానీ, వెనక అంబులెన్సు ఒకటి వచ్చి ఆగి హారను మోగిస్తోంది. గేటుకి అడ్డంగా ఉన్నది ఈ కారే.

బుచ్చిరాములు ఆ మొహంలోకి నిదానంగా చూశాడు. బూడిద అంటిన కుడిచెయ్యి ఎత్తి, రెండు వేళ్ళు విదిలించాడు.

రావు మాట సగంలో ఆగిపోయింది. అద్దం పైకెత్తడం కూడా మరిచి, కారుని పక్కకు తీశాడు. అంబులెన్సు లోపలికి పోయింది. బుచ్చిరాములు, కోమలి రోడ్డు దాటి, బస్సు కోసం నిలబడ్డారు.